నన్నెందుకు లీడర్ని చెయ్యలేదు తాతయ్యా?

పిల్లలూ,

"పాటలన్నీ వచ్చు, మైకంటే భయం లేదు, మరి క్రిస్మస్ ప్రోగ్రాంకి నన్నెందుకు లీడర్ని చెయ్యలేదు తాతయ్యా?" అని మీలో ఒకమ్మాయి అడిగింది. కళ్ళల్లో నీళ్ళు కూడా చూశాను, అందుకే ఏదో ఒకటి చెప్పి పంపేయబుద్ధి కాలేదు.

మన పర్లాకిమిడి పొలాల్లోకి ట్రాక్టర్లు రాకముందు, కోడెదూడకి కాడి అలవాటు చెయ్యడం పెద్ద పని. ఒంట్లో బలం ఉంది కదా అని తిన్నగా నాగలికి కట్టేవారు కాదు. పక్కన నెమ్మదైన ముసలి ఎద్దుని జతచేసి, వెనకాల ఒక మొద్దు కట్టి, మహేంద్రతనయ ఏటి ఇసుకలో అటూ ఇటూ తిప్పేవారు. కోడె ముందుకి దూకుతుంది, ముసలిది దూకదు, కాడి పక్కకి తిరిగి కోడె మెడకే ఒరుసుకుంటుంది. మా నాన్న సాయంత్రం ఆ మెడ తడిమి చూసి, కమిలిన చోట ఆముదం రాసేవారు. మేమేమో ఆ మొద్దు మీద కూర్చుని స్వారీ చెయ్యడానికి కొట్టుకునేవాళ్ళం, తర్వాత గట్టున ఈతపళ్ళు ఏరుకు తిని చీకటి పడ్డాక ఇల్లు చేరితే అమ్మ చేత చీవాట్లు.

ప్రభువు కూడా తన కాడి ఎత్తుకుని తన దగ్గర నేర్చుకోమన్నాడు, మత్తయి 11వ అధ్యాయంలో ఉంది, చదవండి. ఆయన సాత్వికుడు, తొందరపెట్టడు. మన దూకుడే ఆయన అడుగుకి తగ్గాలి. మోషేని చూడండి, రాజభవనంలో చదువుకున్నాడు, తనవాళ్ళ మీద ప్రేమ ఉంది, కానీ ఆవేశంలో ఒకణ్ణి చంపి పారిపోయాడు. ఆ తర్వాత 40 ఏళ్ళు మిద్యానులో మామగారి గొర్రెలు కాశాడు, ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేనాటికి 80 ఏళ్ళు. పౌలు కూడా తిమోతికి రాస్తూ, కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాణ్ణి సంఘానికి అధ్యక్షుడిగా పెట్టొద్దు, గర్వం తలకెక్కుతుంది అన్నాడు.

మన సండే స్కూల్లో తెలుగు, ఒడియా, సవర పిల్లలు పక్కపక్కనే కూర్చుంటారు. తెలుగు వాక్యం తడబడుతూ చదివే పిల్లని చూసి నవ్వకుండా, వేలు పెట్టి తర్వాతి మాట చూపించే పిల్లే నాకు ముందు లీడరుగా కనిపిస్తుంది, గొంతు సంగతి తర్వాత. కోడె ఏ రోజున అడుగు కలిపిందో మా నాన్న కూడా చెప్పలేకపోయేవారు. మనసు ప్రభువు చేతిలో ఎలా మెత్తబడుతుందో నేనూ విడమర్చి చెప్పలేను, కానీ అలా మారినవాళ్ళని కళ్ళారా చూశాను.

ఈ ఆదివారం ఆరాధన అవ్వగానే చెప్పుల కోసం పరిగెత్తకండి. చాపలు ఎవరు దులిపి చుడుతున్నారు, ముసలమ్మల్ని చెయ్యి పట్టుకుని మెట్లు ఎవరు దింపుతున్నారు, ఏడ్చే పసిపిల్లని తల్లి దగ్గర్నించి ఎవరు అందుకుంటున్నారు, చూడండి. వాళ్ళ పేర్లు రాసి నాకు పంపండి.

మీ తాతయ్య