టెన్త్ లెక్కల పేపర్: మార్కులు నిజంగా ఎలా వేస్తారు?

ప్రీఫైనల్ పేపర్లు దిద్ది చేతికిచ్చిన రోజు నుంచి పబ్లిక్ పరీక్షలు అయ్యేదాకా తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "సార్, లెక్కల్లో ఆన్సర్ రాకపోతే సున్నాయే కదా?" పిల్లలు ఆ మాత్రం కూడా అడగరు. సున్నాయేనని నమ్మేసి, సగం దాకా చక్కగా చేసిన లెక్కను తామే కొట్టేసి వస్తారు.

నేను ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీకీ, అంటే పబ్లిక్ పేపర్లు దిద్దడానికీ వెళ్తుంటాను. అక్కడ జరిగేదానికీ, ఊళ్లో వినిపించేదానికీ పొంతన ఉండదు. తెలంగాణ పద్ధతి వేరు, సీబీఎస్‌ఈ పద్ధతి వేరు. ఇక్కడ రాసేదంతా ఏపీ ఎస్సెస్సీ గురించే.

అపోహ: చివరి జవాబు తప్పయితే లెక్క మొత్తం పోయినట్టే

పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

దిద్దడం మొదలుపెట్టే ముందు మా చేతికి వాల్యుయేషన్ స్కీమ్ ఇస్తారు. ఏ ప్రశ్నలో ఏ స్టెప్పుకు ఎంత వేయాలో అందులో ఉంటుంది. లెక్కల పేపర్‌కి వంద మార్కులు, 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఒక మార్కు ప్రశ్నల్లో జవాబే ముఖ్యం, నిజమే. కానీ నాలుగు, ఎనిమిది మార్కుల ప్రశ్నలు కలిపితే 72 మార్కులు. ఈ 72 మార్కులకూ దిద్దేది స్టెప్పులు చూసే.

వర్గ సమీకరణాల్లో రైలు లెక్క ఒకటి తీసుకుందాం. రైలు 360 కిలోమీటర్లు ఒకే వేగంతో వెళ్తుంది. గంటకు 5 కిలోమీటర్ల వేగం ఎక్కువుంటే ఒక గంట ముందే చేరేది. అసలు వేగమెంత? ఒక అమ్మాయి వేగాన్ని ఎక్స్ అనుకుంది. రెండు సందర్భాల్లో పట్టే కాలాలను భిన్నాలుగా రాసింది. వాటి తేడా ఒకటి అని సమీకరణం వేసింది. సూక్ష్మీకరించి వర్గ సమీకరణం కూడా సరిగ్గా తెచ్చింది. కారణాంకాలు విడగొట్టేచోట మాత్రం ప్లస్, మైనస్ తారుమారై, 40 రావలసింది 45 వచ్చింది. ఈ అమ్మాయికి సున్నా వేసే హక్కు ఏ లెక్కల టీచరుకూ లేదు. స్కీమ్ ప్రశ్నను బట్టి మారుతుంది కాబట్టి కచ్చితంగా ఇన్ని మార్కులని చెప్పను. కానీ అసలు కష్టమంతా సమీకరణం తేవడంలోనే ఉంది, మార్కుల్లో ఎక్కువ భాగమూ అక్కడే ఉంటుంది. పోయేది చివరి ఒకటి రెండు స్టెప్పులవే.

అదే అమ్మాయి 45ని సరిచూసుకుని, "ఇది కుదరడం లేదు" అని పేజీ మొత్తానికి ఇంటూ కొట్టేస్తే? అక్కడ మేం చేయగలిగింది ఏమీ ఉండదు. కొట్టేసిందంటే ఆ జవాబును వెనక్కి తీసుకున్నట్టే లెక్క.

ఒకసారి స్పాట్‌లో మధ్యగతం లెక్క ఒకటి నా ముందుకొచ్చింది. పట్టిక ముచ్చటగా గీశాడు. సంచిత పౌనఃపున్యాలు సరిగ్గా ఉన్నాయి. మధ్యగత తరగతి సరిగ్గా గుర్తించాడు, సూత్రం రాశాడు. తీసివేతలో పొరపాటు జరిగి, వచ్చిన విలువ ఆ తరగతి హద్దులు దాటిపోయింది. తప్పని పట్టుకున్నాడంటే తెలివైన పిల్లాడే. పట్టుకుని ఊరుకోలేదు, మొత్తం కొట్టేశాడు. తర్వాత ఆ పేజీలో ఇంకేమీ లేదు. ఎనిమిది మార్కుల ప్రశ్న అది. పక్క కుర్చీలో ఉన్న మేడంకి చూపించాను. ఆవిడ "ఈ సెంటర్లో రోజుకు ఇలాంటివి ఎన్ని చూడాలో" అని నిట్టూర్చి తన పేపర్లలో పడిపోయింది.

అందుకే మా క్లాసులో ఒక నియమం పెట్టాను. తప్పనిపిస్తే కొట్టొద్దు. కింద ఒక గీత గీసి మళ్లీ చెయ్యి. రెండోది పూర్తయ్యాకే మొదటిదాన్ని కొట్టు. టైం లేకపోతే ఉన్నది ఉన్నట్టు వదిలెయ్యి.

రఫ్ వర్క్ గోల కూడా ఇక్కడే చెప్పాలి. కొందరు లెక్కంతా చివరి పేజీలో రఫ్‌గా చేసి, అసలు చోట సూత్రం రాసి, వెంటనే జవాబు రాసేస్తారు. మధ్యలో స్టెప్పులు ఏవని స్కీమ్ అడుగుతుంది. దిద్దేవాళ్లు చివరి పేజీలో వెతుక్కుంటూ కూర్చోరు. గుణకారం, భాగహారం ఏదైనా ఉంటే అదే పేజీలో కుడి పక్కన చేసుకోండి.

మా ఊళ్లో మిర్చి కోతలకు వెళ్లే ఒకావిడ ఒక సాయంత్రం స్కూలుకొచ్చి, "మాస్టారూ, మా వాడికి లెక్కలు రావు, పాసైతే చాలు" అని ఏడ్చేసింది. వాణ్ణీ కూర్చోబెట్టి కాగితం మీద లెక్క చూపించాను. ఒక మార్కు ప్రశ్నలన్నీ చేస్తే 12, రెండు మార్కులవన్నీ చేస్తే 16. మొత్తం 28. పాస్ మార్కు 35. ఇంకా కావలసింది ఏడు. రెండు చరరాశుల సమీకరణాల జతకు గ్రాఫ్ ఒకటి వస్తుందనుకుందాం. బిందువుల పట్టిక వేసి, అక్షాలు గీసి, స్కేలు రాసి, బిందువులు గుర్తించి, రెండు రేఖలు గీస్తే, ఖండన బిందువు చదవడంలో తడబడినా చాలా వరకు మార్కులు వచ్చేస్తాయి. చిన్న ప్రశ్నల్లో నాలుగైదు మార్కులు పోయినా పెద్ద ప్రశ్నల స్టెప్పులు కాపాడతాయి. "అంటే నాకు వచ్చినంత రాసినా పర్లేదా సార్?" అన్నాడు వాడు. టెన్త్ దాకా వచ్చిన పిల్లాడికి ఆ సంగతి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నలభై పైన మార్కులతో పాసయ్యాడు.

అపోహ: నంబరు వేసి ఏదో ఒకటి నింపితే మార్కులేస్తారు

స్టెప్ మార్కుల గురించి చెప్పగానే కొందరు ఈ చివరకు దూకుతారు. ప్రశ్ననే మళ్లీ ఎత్తి రాస్తే సున్నా. సంబంధం లేని సూత్రాలు నాలుగు రాసినా సున్నా. ఈ పుకారు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. ఎప్పుడైనా ప్రశ్నే తప్పుగా వస్తే, ప్రయత్నించిన వాళ్లకు మార్కులు కలపమని ఆదేశాలొస్తాయి. అది ఆ ఒక్క ప్రశ్నకే. అయితే ఆ లెక్కకు పనికొచ్చే దత్తాంశం రాసి, సరైన సూత్రం రాసి ఆగిపోయినా దానికి తగ్గ మార్కు ఉంటుంది. ఖాళీగా మాత్రం వదలొద్దు.

అపోహ: గైడులో ఉన్న పద్ధతిలోనే చేయాలి

ఎవరు పుట్టించారో గానీ, ట్యూషన్లలో ఇది బాగా నడుస్తోంది. ఫలానా పద్ధతిలో చేయమని ప్రశ్నలోనే ఉంటే తప్ప, సరైన పద్ధతి ఏదైనా మార్కులు వేయాల్సిందే. అంకగణిత సగటు ప్రత్యక్ష పద్ధతిలో చేశాడా, విచలన పద్ధతిలో చేశాడా అన్నది దిద్దేవాళ్లకు అనవసరం. గ్రాఫ్ ద్వారా సాధించమని అడిగినప్పుడు ప్రతిక్షేపణ పద్ధతిలో చేస్తే మాత్రం మార్కులు పోతాయి. ప్రశ్న రెండుసార్లు చదవమని చెప్పేది ఇందుకే.

అపోహ: దిద్దేవాళ్ల మూడ్‌ని బట్టి, స్కూలు పేరుని బట్టి మార్కులు

పేపర్లు వేరే జిల్లా నుంచి వస్తాయి. మా ముందుకు వచ్చేసరికి పేరు, హాల్‌టికెట్ నంబరు ఏవీ ఉండవు, కోడ్ ఒక్కటే ఉంటుంది. మీ అబ్బాయి కార్పొరేట్ స్కూలో, జిల్లా పరిషత్ స్కూలో నాకు తెలిసే దారి లేదు. నేను దిద్దాక స్పెషల్ అసిస్టెంట్లు కూడికలు సరిచూస్తారు, చీఫ్ ఎగ్జామినర్ కొన్ని పేపర్లు తీసి మళ్లీ చూస్తారు.

కానీ మేమూ మనుషులమే. రోజుకు నలభై పేపర్లు, ఏప్రిల్ ఎండ, కరెంటు ఉంటే ఫ్యాను. మధ్యాహ్నం ముప్ఫై దాటాక ఒక స్టెప్పు పక్కన ఇంకో స్టెప్పు ఇరికించి రాసిన పేజీ వస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. చేతిరాత ముత్యాల్లా ఉండక్కర్లేదు. స్టెప్పు కింద స్టెప్పు రాయండి, ప్రశ్న నంబరు సరిగ్గా వేయండి, జవాబు చుట్టూ ఒక డబ్బా గీయండి. గ్రాఫ్ కాగితాన్ని జవాబు పత్రానికి గట్టిగా కట్టండి.

మిగిలినవి

ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో స్కూల్లోనే పెట్టే ఫార్మేటివ్ పరీక్షలు) మార్కులు పబ్లిక్‌లో కలుస్తాయా? కలవవు. ఇరవై ఇంటర్నల్ మార్కులను 2019లోనే ఎత్తేశారు, వాటితోపాటే బిట్ పేపర్ (చిన్న చిన్న ఆబ్జెక్టివ్ ప్రశ్నల పేపర్) కూడా పోయింది. 2021లో కరోనా వల్ల పరీక్షలు రద్దు చేసి ఎఫ్‌ఏల ఆధారంగా ఫలితాలు ఇచ్చారు. ఆ జ్ఞాపకంతో ఇప్పటికీ స్కూలుకొచ్చి "ఎఫ్‌ఏలో రెండు మార్కులు వేయండి సార్" అని బతిమాలేవాళ్లున్నారు. వేస్తే ఏం లాభం?

"ఎన్ని పాయింట్లు వచ్చాయి?" అని తాతయ్యలు ఇంకా అడుగుతూనే ఉంటారు. మన రాష్ట్రంలో గ్రేడ్ పాయింట్లు పోయి, 2022 నుంచి ఫలితాలు మార్కుల్లోనే ఇస్తున్నారు.

"ఈసారి వాల్యుయేషన్ స్ట్రిక్ట్ అట" అని ఏటా మార్చిలో వాట్సాప్‌లో తిరుగుతుంది. స్కీమ్ బయటకు రాకముందే ఎవరికి తెలిసిందో ఆ పంపినవాళ్లనే అడగండి.

ఇక ఫలితాలొచ్చాక డబ్బు పోగొట్టుకునే చోటు ఒకటుంది. రీకౌంటింగ్‌కు, అంటే మార్కుల కూడికలు మళ్లీ చూడటానికి 500 రూపాయలు. రీవెరిఫికేషన్‌కు 1000, అందులో దిద్దిన పేపర్ కాపీ కూడా ఇస్తారు. రీవెరిఫికేషన్ కట్టినవాళ్లు రీకౌంటింగ్ విడిగా కట్టక్కర్లేదు, కూడికలు అందులోనే చూస్తారు. టెన్షన్‌లో రెండూ కట్టేసిన వాళ్లను చూశాను. ఇంకో సంగతి: దిద్దేసిన జవాబును మళ్లీ కొత్తగా దిద్ది మార్కులు పెంచడం అందులో ఉండదు. కూడిక తప్పిందా, ఏదైనా జవాబు దిద్దకుండా వదిలేశారా, మార్కులు ఎక్కించడంలో పొరపాటు జరిగిందా అన్నవే చూస్తారు. గడువు కొద్ది రోజులే, అప్లై చేయాల్సింది స్కూలు హెడ్‌మాస్టర్ ద్వారానే. కాబట్టి పేపర్లో ఏమేం రాశాడో పరీక్ష అయిన రోజే పిల్లాణ్ణి అడిగి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.