గడ్డకట్టిన సరస్సులపై చేపల వేట: ఐసు గట్టిదనంపై అపోహలు – వాస్తవాలు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో చలికాలపు చేపల వేటకు కొత్తగా వచ్చే తెలుగు కుటుంబాలను నేను తరచుగా వెంటబెట్టుకుని వెళుతుంటాను. గాలం ఏది కొనాలి, ఎర ఏది వాడాలి, వాల్‌ఐ చేప ఏ సరస్సులో ఎక్కువగా పడుతుంది అని అందరూ అడుగుతారు కానీ, ఐసు మందం ఎలా కొలవాలో అడిగేవారు అరుదు. వారి మాటల్లో ఎక్కువగా వినిపించే నమ్మకాలను, వాటి వెనుకనున్న నిజానిజాలను ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: క్రిస్మస్ నాటికి ఏ సరస్సైనా నడవడానికి వీలుగా గట్టిపడుతుంది.

వాస్తవం: నీరు దాదాపు 4 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద అత్యంత బరువుగా ఉంటుంది కనుక, పైపొర చల్లబడిన కొద్దీ అడుగుకు దిగుతూ, కింది నీరు పైకి వస్తూ, మొత్తం నీరు ఆ స్థాయికి చేరిన తరువాతే ఉపరితలం గడ్డకట్టడం మొదలవుతుంది. అందువల్ల లోతు తక్కువైన చిన్న కుంట ముందుగాను, దాని పక్కనే ఉన్న లోతైన సరస్సు వారాల తరువాతను గడ్డకట్టడంలో ఆశ్చర్యం లేదు. ఒకే సరస్సులో కూడా ఊటలు ఉన్నచోట, వాగు వచ్చి కలిసేచోట, వంతెనల కింద, రెండు పాయలను కలిపే ఇరుకు దారుల్లో, బాతులు గుంపుగా చేరి నీటిని కదుపుతూ ఉండేచోట ఐసు పలచగా ఉంటుంది. ఐసు పెరిగే వేగమూ ఒకేలా ఉండదు. పొర మందమయ్యే కొద్దీ అదే చలికి అడ్డుగా నిలుస్తుంది కాబట్టి, మొదటి అంగుళాలు వచ్చినంత త్వరగా తరువాతివి రావు. ఇక తేదీ విషయానికి వస్తే, 2023–24 చలికాలం జంటనగరాలైన మినియాపోలిస్, సెయింట్ పాల్‌లలో అప్పటివరకు నమోదైన వాటన్నిటిలోకి వెచ్చనిది. ఆ ఏడాది క్యాలెండరును నమ్ముకున్నవారికి సరస్సులు సహకరించలేదు.

చలి ప్రాంతాలకు దూరంగా ఉండేవారికి ఈ ప్రమాదం మరింత దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. 2022 డిసెంబర్ 26న అరిజోనాలో, ఏడున్నర వేల అడుగుల ఎత్తున ఉన్న వుడ్స్ కాన్యన్ సరస్సుపై నడుస్తూ ఐసు విరిగి ముగ్గురు తెలుగువారు మరణించారు. వారు వేటకు వెళ్లినవారు కారు. పైనుంచి చూస్తే గట్టిగానే కనిపించే ఐసు ఎంత బరువు మోయగలదో కంటిచూపుతో చెప్పడం నాకే కాదు, ఇక్కడే పుట్టి పెరిగినవారికీ సాధ్యం కాదు.

అపోహ: అప్పటికే జనం, వాహనాలు ఉన్నాయంటే అక్కడ భయం లేదు.

వాస్తవం: మిన్నెసోటా ఉత్తర భాగంలోని అప్పర్ రెడ్ లేక్ లోతు తక్కువైన సరస్సు కావడంతో ముందుగా గడ్డకడుతుంది. అందుకే తొలి ఐసు కోసం దూరప్రాంతాల నుంచి వేటగాళ్లు అక్కడికి చేరుతారు. 2022 నవంబర్ 28న అక్కడ ఐసు పెద్ద పలకగా విడిపోయి ఒడ్డు నుంచి జరిగిపోవడంతో సుమారు 200 మంది చిక్కుకుపోయారు. 2023 డిసెంబర్ చివరిలో అదే సరస్సుపై మళ్లీ వంద మందికి పైగా చిక్కుకున్నారు. కాళ్ల కింద ఐసు వారిని మోస్తూనే ఉంది. విశాలమైన సరస్సుపై గాలి బలంగా వీస్తే పలక మొత్తంగా కదిలి, ఒడ్డుకూ మనకూ మధ్య నీరు తెరుచుకుంటుంది. ఇక్కడ గుంపు ఎంత పెద్దదైనా భరోసా ఇవ్వదు. అంతమంది ఉన్నారన్న ధైర్యంతో మరికొందరు వచ్చి చేరడం వల్ల రక్షించవలసిన వారి సంఖ్య మాత్రం పెరుగుతుంది. పెద్ద సరస్సుకు వెళ్లేముందు నేను ఉష్ణోగ్రత కన్నా ముందు గాలి వేగమూ దిశా చూస్తాను.

అపోహ: నాలుగు అంగుళాలు ఉంటే చాలు, ఇక కొలవనక్కరలేదు.

వాస్తవం: మిన్నెసోటా సహజ వనరుల శాఖ సూచన ప్రకారం మనిషి నడవడానికి కనీసం 4 అంగుళాలు, మంచుపై నడిచే బండి స్నోమొబైల్‌కు 5 నుంచి 7, చిన్న కారుకు 9 నుంచి 10, మధ్యస్థాయి ట్రక్కుకు 13 అంగుళాల ఐసు ఉండాలి. ఈ అంకెలన్నీ కొత్తగా ఏర్పడిన, నీటిలా తేటగా ఉన్న ఐసుకు మాత్రమే వర్తిస్తాయి. తడిసిన మంచు తిరిగి గడ్డకట్టగా ఏర్పడే తెల్ల ఐసుకు దానిలో సగం బలమే ఉంటుంది కాబట్టి, మందం రెట్టింపు ఉండాలని అదే శాఖ చెబుతుంది. ఏ ఐసూ నూటికి నూరుపాళ్లు సురక్షితం కాదన్న మాటను కూడా ఆ శాఖ ఎప్పుడూ జతచేస్తుంది.

ఇక్కడ ఒక లెక్క తెలుసుకోవాలి. ఐసు మోయగల బరువు మందం వర్గాన్ని అనుసరించి మారుతుంది. నాలుగు అంగుళాలు ఎనిమిది అయితే మోసే శక్తి నాలుగింతలు అవుతుంది. అదే సూత్రం ప్రకారం నాలుగు అంగుళాలున్న చోటు నుంచి పది గజాలు నడిచి మూడు అంగుళాలున్న చోటికి వస్తే, ఒక్క అంగుళం తేడాతోనే బలం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే ఒడ్డు దగ్గర ఒక్క రంధ్రం చేసి సంతృప్తి పడకూడదు. గునపం వంటి ఇనుప కడ్డీతో ముందడుగు పడే చోట గట్టిగా పొడిచి చూస్తూ నడవాలి. ఒక్క పోటుకే నీరు కనిపిస్తే, వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి మళ్లాలి. కనీసం 150 అడుగులకు ఒకసారి ఐసును తొలిచే మర అయిన ఆగర్‌తో రంధ్రం చేసి, టేపు కొనను ఐసు అడుగు అంచుకు తగిలించి కొలవాలి. తెల్ల పొర, తేట పొర వేర్వేరుగా ఎంతెంత ఉన్నాయో రంధ్రం గోడను చూస్తే తెలుస్తుంది.

వాహనం నిలిపినవారు మరో సంగతి గమనించాలి. బరువు ఒకేచోట గంటల తరబడి ఉంటే ఐసు నెమ్మదిగా కిందికి వంగుతుంది. బండి పక్కన చేసిన రంధ్రంలోంచి నీరు పొంగి పైకి వస్తుంటే, వెంటనే అక్కడి నుంచి తీయాలి.

అపోహ: మంచు బాగా కురిస్తే ఐసు మరింత మందమవుతుంది.

వాస్తవం: పడిన మంచు సరస్సుపై దుప్పటి కప్పినట్టు పనిచేసి, పైనున్న చలిని ఐసుకు చేరనివ్వదు. పైగా దాని బరువుకు ఐసు కుంగి, పగుళ్లలోంచి నీరు పైకి చిమ్మి బురదగా మారుతుంది. పగుళ్లను, పాత రంధ్రాలను అదే మంచు కప్పివేస్తుంది కాబట్టి, పెద్ద మంచు పడిన మరుసటి రోజు నేను కొత్తవారిని తీసుకువెళ్లను.

అపోహ: ఐసు శబ్దం చేస్తే పగిలిపోతున్నట్టే, నిశ్శబ్దంగా ఉంటే గట్టిగా ఉన్నట్టే.

వాస్తవం: ఉష్ణోగ్రత మారినప్పుడు ఐసు వ్యాకోచిస్తూ, సంకోచిస్తూ ఉరుములాంటి శబ్దాలు చేస్తుంది. మందమైన ఐసు కూడా ఇలాగే మోగుతుంది. శబ్దాన్ని బట్టి భయమూ, ధైర్యమూ రెండూ తెచ్చుకోకూడదు.

అపోహ: మార్చిలో రెండడుగుల ఐసు ఉంది కనుక బెంగ లేదు.

వాస్తవం: వసంతపు ఎండకు ఐసులోని నిలువు స్ఫటికాల మధ్య పట్టు సడలిపోతుంది. మందం కొలతలో రెండడుగులే చూపినా, గునపం పోటుకు అది ముక్కలుగా విడిపోతుంది. ముందుగా ఒడ్డు వెంట కరుగుతుంది కాబట్టి, ఉదయం గట్టిగా ఉన్న దారి మధ్యాహ్నానికి నీటిగా మారి తిరుగు ప్రయాణాన్ని అడ్డగించవచ్చు. ముదురు బూడిద రంగులోకి మారిన ఐసును దూరం నుంచే వదిలేయాలి.

అపోహ: నీటిలోకి గాలి బుడగలు పంపే యంత్రాలు నడిచే చోట చేపలు చేరుతాయి, అక్కడే కూర్చోవాలి.

వాస్తవం: ఈ యంత్రాలను ఆక్సిజన్ తగ్గి చేపలు చనిపోకుండా కాపాడటానికి పెడతారు. బుడగల వల్ల చుట్టూ నీరు తెరిచి ఉంటుంది, దాని అంచు రోజురోజుకూ మారుతుంది. పలచని ఐసు అన్న హెచ్చరిక బోర్డులు పెట్టాలని ఈ రాష్ట్రంలో నిబంధన ఉన్నది అందుకే.

అపోహ: నీటిలో పడితే బరువైన చలిదుస్తులు వెంటనే ముంచేస్తాయి, చలికి నిమిషాల్లో ప్రాణం పోతుంది.

వాస్తవం: దుస్తుల్లో చిక్కుకున్న గాలి కొంతసేపు తేలడానికి సాయపడుతుంది, కాబట్టి వాటిని విప్పడానికి ప్రయత్నించకూడదు. మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారం చేసిన లెక్క ప్రకారం, ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం, చేతులు కాళ్లు చెప్పినట్టు వింటుండగానే బయటపడడానికి పది నిమిషాలు, స్పృహ తప్పడానికి దాదాపు గంట సమయం ఉంటుంది. మొదటి నిమిషంలో భయంతో నీరు మింగడమే అసలు ప్రమాదం. ఆ తరువాత వచ్చిన వైపుకే తిరిగి, మెడలో వేలాడే ఐసు మేకులను (చేతిపిడి ఉన్న మొనదేలిన మేకులు) అంచుకు గుచ్చి, కాళ్లను ఈతలో వలె ఆడిస్తూ పొట్ట మీద పైకి జారాలి. పైకి వచ్చాక లేచి నిలబడకుండా పొర్లుతూ గట్టి ఐసు చేరాలి. ఐసు మేకులు సంచిలో ఉంటే లేనట్టే. లైఫ్ జాకెట్ కోటు పైన వేసుకోవాలి, మూసిన వాహనంలో ఉన్నప్పుడు మాత్రం తీసివేయాలి.

చూస్తున్నవారు దగ్గరకు పరుగెత్తకుండా ముందు అత్యవసర సేవల నంబరు 911కు ఫోన్ చేసి, దూరం నుంచే తాడో కర్రో అందించాలి. బయటపడినవారు మామూలుగా మాట్లాడుతున్నా వదిలేయకూడదు. నీటిలోంచి వచ్చిన తరువాత కూడా శరీరపు లోపలి వేడి కొంతసేపు పడిపోతూనే ఉంటుంది కాబట్టి, తడిబట్టలు మార్చి వైద్యుడికి చూపించాలి.