కామిక్ ఒరిజినల్ పేజీ కొనేముందు: అపోహలు - వాస్తవాలు

కామిక్ పుస్తకం అచ్చుకు వెళ్లే ముందు ఆర్టిస్టు చేత్తో గీసిన పేజీని ఒరిజినల్ అంటాం. పుస్తకాలు వేలల్లో, లక్షల్లో అచ్చవుతాయి, ఆ పేజీ మాత్రం ఒక్కటే. అమెరికన్ కామిక్స్ ఒరిజినల్స్ కొనడం, అమ్మడం చాలా ఏళ్లుగా నా పని. ఈమధ్య మన తెలుగువాళ్లు కూడా, ముఖ్యంగా అమెరికాలో స్థిరపడినవాళ్లు, వీటి గురించి అడుగుతున్నారు. వాళ్ల అపోహల్లో చాలావరకు ఒక్కచోటే మొదలవుతాయి. ఈ పేజీని గోడకు తగిలించే పెయింటింగ్‌లా చూస్తారు. నిజానికది ప్రెస్సు కోసం తయారైన పని కాగితం. ఆ పని ఎలా జరిగేదో తెలిస్తే పేజీయే సగం విషయాలు చెప్పేస్తుంది.

అపోహ: తెల్ల రంగు పూతలు, అతికించిన ముక్కలు ఉంటే పేజీ పాడైనట్టు.

ఈ అనుమానంతో మంచి పేజీలు వదులుకున్నవాళ్లను చూశాను. అప్పట్లో పేజీని పెద్ద కెమెరాతో ఫోటో తీసి అచ్చుకు పంపేవాళ్లు. ఇంకు గీత దాటితే తెల్ల రంగు పూసి సరిచేసేవాళ్లు. ఎడిటర్ ముఖం మార్చమంటే వేరే కాగితం మీద కొత్త ముఖం గీసి పైన అతికించేవాళ్లు. కవర్ మీది పుస్తకం పేరు చాలాసార్లు ఫోటో కాపీ తీసి అతికించిన ముక్కే, దాన్ని స్టాట్ అంటాం. లేత నీలం పెన్సిల్ గీత ఆ కెమెరాకు కనపడదు కాబట్టి సూచనలు ఆ రంగులో రాసేవాళ్లు. అంచుల్లో సంచిక నంబరు, పేజీ నంబరు ఉంటాయి. 1960ల్లో మార్వెల్ కామిక్స్ కంపెనీకి ఆర్టిస్టు జాక్ కిర్బీ గీసిన పేజీల అంచుల్లోనైతే ఆయన పెన్సిల్‌తో రాసిన కథ నోట్సు కూడా దొరుకుతుంది. కథలో కిర్బీ వాటా ఎంత, రచయిత స్టాన్ లీ వాటా ఎంత అన్న వాదనలో ఆ నోట్సే సాక్ష్యం. వాటిని తుడిచి శుభ్రం చేయించాలనుకునేవాళ్లకు దండం పెట్టి చెబుతున్నాను, ఆ పని చేయకండి.

ఇలాంటి పేజీ మీద రంగులు కూడా ఉండవు. రంగుల సూచనలు విడిగా ఒక కాపీ మీద వేసేవాళ్లు. 1970ల మార్వెల్ లోపలి పేజీ నిండా రంగులతో కనిపిస్తే, తర్వాత ఎవరు వేశారో అడగండి.

కొలత కూడా చూసుకోవాలి. 1960ల మధ్య వరకు అమెరికన్ పేజీలను అచ్చు కంటే దాదాపు రెట్టింపు పెద్దగా గీసేవాళ్లు, బొమ్మ భాగమే సుమారు 12.5 × 18.5 అంగుళాలు. 1967-68 ప్రాంతంలో అది 10 × 15కి తగ్గింది, బొమ్మ గీసే అట్ట కాగితం 11 × 17 అయింది. 1963 నాటి పేజీ అంటూ 11 × 17 అట్ట చూపిస్తే బేరం దాకా వెళ్లనక్కర్లేదు.

అపోహ: ఆర్టిస్టు సంతకం ఉంటే అసలుదే.

దొంగ బొమ్మ గీసేవాడు ముందు నేర్చుకునేది సంతకమే. ఎక్కువ మోసాలు జరిగేది విడి స్కెచ్‌ల్లో. కవరు నిండా బొమ్మ గీయాలంటే కష్టం, స్పైడర్‌మ్యాన్ తల ఒక్కటి గీసి కింద పేరు రాయడం తేలిక. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అచ్చయిన పేజీలే కొనమని చెబుతాను. అచ్చయిన పుస్తకం పక్కన పెట్టుకుని గీత గీతా పోల్చవచ్చు. జుట్టులోని సన్న గీతలు, ఇంకు చిమ్మిన చుక్కలు కూడా అచ్చులో ఉన్న చోటే ఉండాలి. లైట్ బాక్స్ (కింద నుంచి వెలుతురు వచ్చే గాజు బల్ల) మీద పెట్టి దిద్దిన నకలులో ఆకారం సరిపోతుంది గానీ గీతలో వేగం ఉండదు. బ్రష్ మొదలైనచోట, ఆగినచోట తడబాటు తెలుస్తుంది. పేజీని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే అసలు ఇంకు కొన్నిచోట్ల మెరుస్తుంది, కింద పెన్సిల్ గాడి కనిపిస్తుంది. ప్రింటర్ కాపీలో ఈ రెండూ ఉండవు.

రీ-క్రియేషన్ అంటే పాత కవర్‌ను మళ్లీ గీసినది. అదే ఆర్టిస్టు తన కవర్ తానే గీసి ఇస్తే తప్పేమీ లేదు, ఆ మాట చెప్పి అమ్మితే చాలు.

అపోహ: ప్రతి కామిక్ పేజీకీ ఒక ఒరిజినల్ ఉంటుంది.

ఇప్పుడు అలా లేదు. చాలామంది ఆర్టిస్టులు టాబ్లెట్ మీదే గీస్తున్నారు, కాగితమే పుట్టదు. ఇంకొందరు పెన్సిల్ పేజీని స్కాన్ చేసి పంపితే, వేరే ఊళ్లో ఉన్న ఇంకర్, అంటే పెన్సిల్ గీతల మీద ఇంకు దిద్దే ఆర్టిస్టు, దాన్ని లేత నీలంలో ప్రింటు తీసి దాని మీద ఇంకు వేస్తాడు. అప్పుడు ఒక్క పేజీకి రెండు కాగితాలు, ఒకటి పెన్సిల్ ఉన్నది, ఇంకొకటి మేము బ్లూలైన్ అనేది. రెండూ నిజమైనవే. కానీ బ్లూలైన్ మీద పెన్సిలర్ (పెన్సిల్‌తో బొమ్మ గీసిన ఆర్టిస్టు) చెయ్యి పడలేదు. అమ్మేవాడు బ్లూలైన్ అన్న మాట చెప్పకుండా పెన్సిలర్ పేరే గట్టిగా చెబుతుంటే, "పెన్సిల్ ఈ కాగితం మీదే ఉందా?" అని సూటిగా అడగండి. ఈ ఒక్క ప్రశ్న చాలా డబ్బు మిగులుస్తుంది. కొత్త పేజీల్లో మాటల బుడగలు లేకపోతే మాత్రం కంగారు పడకండి, ఇప్పుడు అక్షరాలు కంప్యూటర్లోనే వేస్తారు.

అపోహ: పేజీ బాగుంటే చాలు, ఎక్కణ్ణుంచి వచ్చిందో మనకెందుకు?

1970ల మధ్య వరకు అమెరికన్ కంపెనీలు ఒరిజినల్స్‌ను ఆర్టిస్టులకు మామూలుగా తిరిగి ఇచ్చేవి కావు. కొన్ని గిడ్డంగుల్లో పడి ఉన్నాయి, కొన్ని ఎవరికో ఇచ్చేశారు, కొన్ని చించి పారేశారు, కొన్ని మాయమయ్యాయి. కిర్బీ మార్వెల్‌కు వేల పేజీలు గీశారు. ఏళ్ల తరబడి పోరాడితే 1987లో ఆయన చేతికి తిరిగి వచ్చినవి దాదాపు 2 వేలు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. స్పైడర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన అమేజింగ్ ఫాంటసీ 15వ సంచికకు స్టీవ్ డిట్కో గీసిన 24 పేజీలు 2008లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి. ఇచ్చిన దాత పేరు బయటపెట్టలేదు.

మరో పక్క ఇన్‌క్రెడిబుల్ హల్క్ 180వ సంచిక చివరి పేజీ ఉంది. వోల్వరిన్ అనే హీరో మొదట కనపడింది అందులోనే. గీసిన హెర్బ్ ట్రింప్ 1983లో దాన్ని ఒక కుర్రాడికి కానుకగా ఇచ్చేశారు. 2014 వేలంలో అది 6,57,250 డాలర్లు పలికింది. ఎవరు ఎవరికి ఎప్పుడు ఇచ్చారో స్పష్టంగా తెలిసిన పేజీ అది. అమ్మేవాణ్ణి ఇలాంటి వరుస అడగడం అమర్యాద ఏమీ కాదు. నిజాయితీగల డీలరు సంతోషంగా చెబుతాడు.

అపోహ: పేజీ కొంటే బొమ్మ మీద హక్కులూ మనవే.

కాగితం మీది, కాపీరైట్ మీది కాదు. టీషర్టులు, ప్రింట్లు వేసి అమ్మితే చిక్కుల్లో పడతారు. మన దేశంలో ఇంకో విషయం కూడా ఉంది, చాలామందికి తెలియదు. కాపీరైట్ చట్టం 53ఎ సెక్షన్ ప్రకారం, మొదటి హక్కుదారు అయిన కళాకారుడి ఒరిజినల్ బొమ్మ 10 వేల రూపాయలు దాటి మళ్లీ అమ్ముడైతే, ఆ ధరలో 10 శాతానికి మించని వాటా కళాకారుడికి గానీ వారసులకు గానీ రావాలి. కాపీరైట్ ఉన్నంతకాలం ఈ హక్కు ఉంటుంది. మంచి చట్టం, అమ్మేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

అపోహ: వేలం వార్తల్లో వచ్చే ధర మన పేజీకీ వస్తుంది.

2022 జనవరిలో మార్వెల్ కామిక్ సీక్రెట్ వార్స్ 8వ సంచికకు మైక్ జెక్ గీసిన పేజీ ఒకటి 33.6 లక్షల డాలర్లకు పోయింది. స్పైడర్‌మ్యాన్ నల్ల దుస్తుల కథ అక్కడ మొదలవుతుంది కాబట్టి ఆ ధర. అదే సంచికలో పక్క పేజీకి ఆ లెక్క వర్తించదు. కవర్‌కు, పూర్తి పేజీ బొమ్మ ఉన్న స్ప్లాష్‌కు, మామూలు ప్యానెల్ పేజీకి ధరలు వేరు. హీరో ముఖం కనపడుతోందా, దుస్తుల్లో ఉన్నాడా అన్నదీ లెక్కలోకి వస్తుంది. పైగా వార్తల్లో చెప్పే ధరలో కొన్నవాళ్లు వేలం సంస్థకు కట్టే ప్రీమియం కలిసి ఉంటుంది. 2021లో పారిస్‌లో టిన్‌టిన్ బొమ్మ ఒకటి, టిన్‌టిన్ సృష్టికర్త హెర్జే 'బ్లూ లోటస్' కవర్ కోసం 1936లో వేసింది, సుమారు 32 లక్షల యూరోలు అని వార్తలొచ్చాయి. ప్రీమియం కలపకముందు వేలంపాట ఆగింది 26 లక్షల దగ్గర. ఆ బొమ్మకు మడతలు ఉన్నాయి, అయినా అంత పలికింది. పెట్టుబడి అనుకుని కొనేవాళ్లను నేను ఆపుతాను. పేరు పెద్దగా వినపడని ఆర్టిస్టుల చక్కటి పేజీలు ఒకటి రెండు వందల డాలర్లకే దొరుకుతాయి, రోజూ చూసుకున్నా విసుగు రాని పేజీతో మొదలుపెట్టండి.

అపోహ: లామినేషన్ చేయిస్తే కలకాలం ఉంటుంది.

లామినేషన్ చేయిస్తే ఆ పేజీ పోయినట్టే, మళ్లీ విడదీయలేరు. ఆమ్లం లేని మౌంట్ బోర్డు, అతినీల లోహిత కిరణాలను ఆపే గాజు చాలు. మార్కర్‌తో నింపిన నలుపు ఎండకు గోధుమ రంగుకు తిరుగుతుంది, ఇండియా ఇంకు అనే బొమ్మల నల్ల సిరా నిలబడుతుంది. చెన్నై, విశాఖ లాంటి చోట్ల చెమ్మ తగిలే గోడకు అసలు తగిలించకండి.

అపోహ: మన బొమ్మలకు ఈ లెక్కలన్నీ ఎందుకు?

1947 జులైలో మొదలైన చందమామకు చిత్రా, శంకర్ బొమ్మలు గీశారు, వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు వేశారు. ఆ ఒరిజినల్స్ విలువ నా దృష్టిలో ఏ అమెరికన్ పేజీకీ తీసిపోదు. కానీ పాత సంచికలోంచి కత్తిరించి ఫ్రేము కట్టిన పేజీని, బాపు బొమ్మల ప్రింట్లను ఒరిజినల్ అనుకుని కొనేవాళ్లు ఉన్నారు. భూతద్దం పెట్టి చూడండి, అచ్చులో రంగు చుక్కలుగా విడిపోతుంది, బ్రష్‌తో వేసిన రంగు విడిపోదు. ఇంట్లో నిజంగా ఒరిజినల్ ఉంటే, ఎవరు ఇచ్చారు, ఏ సంచిక కోసం గీసింది, ఏ సంవత్సరం ఇంటికి వచ్చింది అన్నవి పెద్దవాళ్లను అడిగి విడి కాగితం మీద రాయించండి. సంతకం, తేదీ పెట్టించి బొమ్మతోపాటు భద్రపరచండి. బొమ్మ వెనక మాత్రం పెన్నుతో ఏమీ రాయకండి.