కళ్ళు తెరిచాడు గాని మనిషిని పోల్చట్లేదు: ఈ మాట వెనకున్న 70 ఏళ్ళ కథ

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా హైవే పక్క ఊళ్ళలో ఈ పరిస్థితి తెలియనోళ్ళు తక్కువ. కుర్రోడు బైక్ మీంచి పడతాడు, తలకి దెబ్బ, 108లో శ్రీకాకుళమో విజయనగరమో తీసుకెళ్తే అక్కణ్ణించి విశాఖ కేజీహెచ్‌కి రిఫర్ చేస్తారు, ఆపరేషన్, వెంటిలేటర్, గొంతుకి పైపు, ముక్కులోంచి ఇంకో పైపు, అలా వారాలు గడిచాక ఇంక ఇంటికి తీసుకెళ్ళి చూసుకోండి అంటారు. ఇంటికొచ్చాక కళ్ళు తెరుస్తాడు, నిద్రపోతాడు, ఆవలిస్తాడు కూడా, కానీ పిలిస్తే పలకడు, కన్నతల్లిని పోల్చడు. చూడ్డానికొచ్చిన చుట్టాలు మంచం పక్కనే నిలబడి "ఇంకేటి లాభమమ్మా, ఎన్నాళ్ళని చేస్తావు" అని గట్టిగానే అనేస్తారు, ఆ మనిషికి ఏమీ తెలియదు అనే నమ్మకంతో.

ఆ నమ్మకం మీదే 2024 ఆగస్టులో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పెద్ద స్టడీ వచ్చింది. మెదడు దెబ్బతిని, మంచం దగ్గర ఏం చెప్పినా చెయ్యలేని 241 మందిని ఎఫ్ఎంఆర్ఐతో (మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపించే స్కాన్) గాని, ఈఈజీతో (తల మీద తీగలు పెట్టి మెదడు కరెంటు సిగ్నళ్ళు చూసే పరీక్ష) గాని, రెండిటితో గాని పరీక్షించారు. చెయ్యి మూసి తెరువు, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో, ఇలాంటి మాటలు చెప్పి మెదడులో ఏం జరుగుతోందో చూశారు. 60 మంది మెదళ్ళు చెప్పిన పని చేశాయి. అంటే నలుగురిలో ఒకరు, ఒళ్ళు కదలకపోయినా, విని అర్థం చేసుకుని నిమిషాల తరబడి ప్రయత్నిస్తున్నారు. నాకు ఈ లెక్క చదివాక మన ఊళ్ళలో మంచాల పక్కన వినపడే మాటలే గుర్తొచ్చాయి, అందుకే అసలు ఈ పొరపాటు ఎక్కడ మొదలైందో రాయాలనిపించింది.

పాతరోజుల్లో ఇలాంటి పేషెంట్లు దాదాపు ఉండేవారు కాదు, ఎందుకంటే తలకి అంత దెబ్బ తగిలితే బతికేవారు కాదు. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే డాక్టర్ గొంతులో పైపు పెట్టించి మెడికల్ స్టూడెంట్లతో షిఫ్టుల వారీగా చేత్తో గాలి కొట్టించి మనుషుల్ని బతికించాడు, ఇవాళ్టి ఐసీయూకి పునాది అదే. తర్వాత మెషిన్లొచ్చాయి, మనుషులు బతుకుతున్నారు, కానీ కొందరు మేలుకోవట్లేదు, ఇంకొందరు మేలుకున్నా పలకట్లేదు. మెలకువ వేరు, తెలివి (అంటే స్పృహ) వేరు అని డాక్టర్లకి అప్పటికే ఒక అంచనా ఉంది, ఎందుకంటే మెలకువని నిలబెట్టేది మెదడు కాండమని (మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగం) 1949లోనే మొరూజీ, మాగూన్ అనే శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి చూపించారు. కాండం బాగుండి పై మెదడు పాడైతే కళ్ళు తెరుచుకుంటాయి గాని లోపల మనిషి లేడు అనే ఆలోచన అలా స్థిరపడింది. 1972లో గ్లాస్గో నుంచి బ్రయాన్ జెనెట్, న్యూయార్క్ నుంచి ఫ్రెడ్ ప్లమ్ కలిసి లాన్సెట్ అనే మెడికల్ పత్రికలో దీనికి పెర్సిస్టెంట్ వెజిటేటివ్ స్టేట్ అని పేరు పెట్టారు. రెండేళ్ళకి అదే గ్లాస్గోలో టీజ్‌డేల్, జెనెట్ కోమా స్కేల్ తయారుచేశారు, మన డిశ్చార్జ్ కాగితాల మీద ఈ, వీ, ఎం అని అంకెలు వేస్తారే, అదే, 3 నుంచి 15 దాకా.

ఈ స్కేల్ ఎమర్జెన్సీలో ప్రాణాలు కాపాడింది, అందులో సందేహం లేదు. కానీ కళ్ళు, మాట, కదలిక, ఈ మూడే కొలిస్తే గొంతుకి పైపున్నోడికి మాట ఎక్కణ్ణించి వస్తాది, రెండు చేతులూ చచ్చుబడిపోయినోడు కదలిక ఎలా చూపిస్తాడు? స్పందన లేదు కాబట్టి స్పృహ లేదు అని నెలల తర్వాత కూడా దాన్నే పట్టుకు వేలాడితే తప్పు జరుగుతాది, జరిగింది కూడా. 1996లో లండన్‌లో కీత్ ఆండ్రూస్ బృందం వెజిటేటివ్ అని రాసి పంపిన 40 మందిని జాగ్రత్తగా పరీక్షిస్తే 17 మందికి తెలివుంది. వాళ్ళలో ఎక్కువమందికి చూపు లేదు లేదా బాగా దెబ్బతింది. చూపే లేని మనిషి ముందు వేలు అటూ ఇటూ తిప్పి, కళ్ళు దాని వెంట రాలేదు కాబట్టి తెలివి లేదని రాసేశారన్నమాట. ఇది చదివితే నాకు బాధేస్తాది.

2006లో మలుపొచ్చింది. కేంబ్రిడ్జ్‌లో ఏడ్రియన్ ఓవెన్ అనే పరిశోధకుడు, కారు యాక్సిడెంట్ అయి అయిదు నెలలుగా పలకని 23 ఏళ్ళ అమ్మాయిని స్కానర్‌లో పడుకోబెట్టి టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నాడు, తర్వాత మీ ఇంట్లో గదులన్నీ తిరుగుతున్నట్టు ఊహించుకోమన్నాడు, రెండుసార్లూ ఆరోగ్యంగా ఉన్నోళ్ళ మెదడులో ఏ భాగాలు వెలుగుతాయో ఆమెలోనూ అవే వెలిగాయి. 2010లో బెల్జియంలోని లియేజ్ ఊరి పరిశోధకులతో కలిసి 54 మందిని చూస్తే అయిదుగురు అలా చెయ్యగలిగారు, అందులో ఒకాయన అవును అంటే టెన్నిస్, కాదు అంటే ఇల్లు అని ఊహించుకుని కుటుంబం గురించి అడిగిన ప్రశ్నలకి జవాబులే చెప్పాడు. 2019లో న్యూయార్క్‌లో యాన్ క్లాసెన్ బృందం ఐసీయూలోనే, మామూలు ఈఈజీతో, దెబ్బ తగిలిన మొదటి రోజుల్లోనే 104 మందిలో 16 మందికి ఈ దాగిన స్పృహ పట్టుకుంది. ఏడాది తర్వాత చూస్తే, రోజులో కనీసం 8 గంటలు ఒంటరిగా ఉండగలిగే స్థితికి చేరినవాళ్ళు ఆ గుంపులో 44 శాతం, మిగతావాళ్ళలో 14 శాతం.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. 2024 స్టడీలోనే, ఆ 241 మంది కాకుండా, మంచం దగ్గర చెప్పిన మాట వింటున్నట్టు తేలిన 112 మందిలో కూడా స్కాన్‌లో పాసైనవాళ్ళు 38 శాతమే. కాబట్టి స్కాన్‌లో ఏమీ కనపడకపోతే తెలివి లేదని అర్థం కాదు. ఇంకోటి, బ్రెయిన్ డెడ్ అనేది పూర్తిగా వేరే విషయం, అక్కడ మెదడు కాండం కూడా చచ్చిపోయి సొంతంగా ఊపిరి ఉండదు, చట్ట ప్రకారం అది మరణమే, ఈ పరిశోధనలు చూసి జీవన్‌దాన్ కింద అవయవదానం చేసిన కుటుంబాలు మనసు పాడుచేసుకోనక్కర్లేదు.

మన దగ్గర ఈ చర్చ అరుణా శాన్‌బాగ్ కేసుతో వచ్చింది, 1973లో ముంబైలో దాడికి గురై 2015 దాకా మంచంలోనే ఉన్న నర్సు, కొన్ని పరిస్థితుల్లో ప్రాణం నిలిపే వైద్యం ఆపొచ్చన్న 2011 సుప్రీంకోర్టు తీర్పు ఆమె కేసులోదే. అదంతా ప్రాణం నిలపాలా వద్దా అనే వాదన, లోపల తెలివుందో లేదో ఎలా పరీక్షించాలనేది పక్కనే ఉండిపోయింది.

పరీక్షకి కోట్ల మెషినే అక్కర్లేదు. కోమా రికవరీ స్కేల్ రివైజ్డ్ అని 2004 నుంచి ఒక పద్ధతుంది, దానికి కావాల్సింది శిక్షణ, ఓపిక, ఒక అద్దం. పేషెంటు కళ్ళముందు తన ముఖమే కనపడేలా అద్దం మెల్లగా కదిపితే, వేలికి కదలని కళ్ళు కూడా కొన్నిసార్లు దాని వెంట వెళ్తాయి. ఒక్కసారి చూసి తేల్చకూడదు, రెండు వారాల్లో కనీసం అయిదుసార్లు చెయ్యాలని పరిశోధన చెప్తోంది, ఎందుకంటే తెలివి ఒక పూట ఉండి ఒక పూట ఉండదు. ఫిట్స్ మందుల మత్తు ఉందా, చెవి వినపడుతోందా, తలలో నీరు చేరిందా అని డాక్టర్ని అడగాలి, అడిగితే కోప్పడతారని ఊరుకోకండి.

ఈఈజీ మెషిన్లు శ్రీకాకుళం టౌన్‌లోనూ ఫిట్స్ కోసం వాడుతూనే ఉన్నారు. క్లాసెన్ పద్ధతిలో అదనంగా కావాల్సింది హెడ్‌ఫోన్స్, రికార్డు చేసిన ఆదేశాలు, సిగ్నల్‌ని విడదీసే ప్రోగ్రామ్, అది నడపగలిగే మనిషి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మెడికల్ కాలేజీల్లో ఎవరైనా దీన్ని మొదలెడితే ఆ ఆదేశాలు ఇంగ్లీషులోనో పుస్తకాల తెలుగులోనో కాకుండా "చెయ్యి ముయ్యి నాయనా, మళ్ళీ తెరు" అని ఇంట్లోవాళ్ళు పిలిచే మాటల్లోనే రికార్డు చేయించండి.