లద్దాఖ్‌లో ఐదు అధికార భాషలు, గడప దగ్గర మరో నాలుగు

2025 జూన్ 3న లద్దాఖ్ అధికార భాషల నిబంధన గెజిట్‌కెక్కింది. ఇంగ్లిష్, హిందీ, ఉర్దూ, భోటీ, పుర్గీ ఇకమీదట అక్కడి అధికార భాషలు. వీటితోపాటు షినా, బ్రోక్‌స్కత్, బల్తీ, లద్దాఖీ భాషల్ని ప్రోత్సహించే ఏర్పాట్లు చేయాలని కూడా అందులోనే రాశారు.

ఆ రెండో జాబితాను ఇంకోసారి చదవండి. లద్దాఖ్‌లో లద్దాఖీ అధికార భాషల వరసలో లేదు, ప్రోత్సహించాల్సిన వాటిలో ఉంది. మరి లేహ్ బజారులో కూరగాయలమ్మే ఆమె మాట్లాడేది ఏ భాష? లద్దాఖీయే. భోటీ అన్నా దాదాపు అదే, కాకపోతే పుస్తకాలకూ లిపికీ దగ్గరగా ఉన్న రూపానికి ఆ పేరు వాడతారు. ఒకే మాట రెండు పేర్లతో రెండు జాబితాల్లోకి ఎలా చేరిందో తెలుసుకోవాలంటే వందేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

ముందు ఈ భాషల చుట్టరికం చూద్దాం. లద్దాఖీ, పుర్గీ, బల్తీ టిబెటన్ కుటుంబానివి. లేహ్ చుట్టుపక్కల లద్దాఖీ, కార్గిల్‌లో పుర్గీ, ఇంకా పడమరగా సింధూ నది వెంట వెళితే బల్తీ మాట్లాడతారు. షినా, బ్రోక్‌స్కత్ వేరే కుటుంబం. భాషావేత్తలు వాటిని దార్దిక్ భాషలంటారు. మనకు పేరు తెలిసిన కశ్మీరీ కూడా ఈ గుంపులోదే. ద్రాస్‌లో షినా వినిపిస్తుంది. సింధూ లోయలోనే దాహ్, గర్కోన్, దర్చిక్ లాంటి కొద్ది ఊళ్లలో బ్రోక్‌స్కత్ వినిపిస్తుంది.

టిబెటన్ లిపి ఏడో శతాబ్దంలో పుట్టిందని సంప్రదాయం చెబుతుంది. ఆనాడు నోటితో పలికినట్టే రాసుకున్నారు. తర్వాత లాసాలో ఉచ్చారణ అరిగిపోయింది కానీ రాత మారలేదు. నక్షత్రాన్ని 'స్కర్మ' అని రాసి 'కర్మ' అని చదువుతారు. ఎనిమిదికి రాత 'బ్ర్గ్యద్', పలుకు 'గ్యె'. బండి ఱ పలుకు పోయాక కూడా మనం చాలాకాలం ఆ అక్షరాన్ని రాస్తూ వచ్చాం కదా, అలాంటిదే ఇది, ఇంకా పెద్ద ఎత్తున. లేహ్‌లో మాత్రం నక్షత్రం ఇప్పటికీ 'స్కర్మ', ఎనిమిది 'ర్గ్యత్'. బల్తీలో ఎనిమిది 'బ్గ్యద్'. మూడుకి రాత 'గ్సుమ్' అయితే లాసాలోనూ లేహ్‌లోనూ 'సుమ్' అంటారు, బల్తీవాళ్లు మొదటి హల్లును వదలకుండా 'ఖ్సుమ్' అంటారు. పదమూడు వందల ఏళ్ల కిందటి రాతకు ఇంత దగ్గరగా మాట్లాడేవాళ్లు ఇప్పుడు పాకిస్తాన్ ఏలుబడిలో ఉన్న స్కర్దూలో ఉన్నారు. వాళ్లు ముస్లింలు, రాసేది ఉర్దూ లిపిలో. ఆ పాత లిపి బౌద్ధ గ్రంథాలదని ముద్రపడిపోయింది. ఆ ముద్రను చెరపాలని స్కర్దూ పండితుడు యూసుఫ్ హుసేన్ ఆబాదీ ఏళ్ల తరబడి పాటుపడ్డారు. ఖురాన్‌ను బల్తీలోకి అనువదించింది కూడా ఆయనే. స్కర్దూలో కొన్ని దుకాణాల బోర్డుల మీద ఇప్పుడు టిబెటన్ అక్షరాలు కనిపిస్తున్నాయి. నాకు ఈ కథ మొత్తంలో మనసుకు హాయి కలిగించే సంగతి అదే.

జమ్మూకశ్మీర్‌ను ఏలిన డోగ్రా రాజుల కాలంలో ఇదంతా లద్దాఖ్ వజారత్ అనే ఒకే జిల్లా. లేహ్, కార్గిల్, స్కర్దూ దాని మూడు తహసీళ్లు. కచేరీ ఎండాకాలం లేహ్‌లో, చలికాలం స్కర్దూలో నడిచేది. 1889లో ఫార్సీని తీసేసి ఉర్దూను రాజ్య భాష చేశారు. అక్కణ్నుంచి పొలం దస్తావేజు, బడి పుస్తకం, కోర్టు కాగితం అన్నీ ఉర్దూలోకి వెళ్లాయి. ఇంట్లో ఒక భాష, కాగితం మీద ఇంకొకటి అన్న అలవాటు అక్కడ అంత పాతది.

ఇంటి భాషను కాగితం మీద పెట్టే తొలి ప్రయత్నాల్లో ఒకటి మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలది. ఏ.హెచ్.ఫ్రాంకె అనే జర్మన్ 1904లో రాతిఅచ్చుతో లద్దాఖీ పత్రిక నడిపాడు. పేరులో 'అఖ్బార్' అన్న మాటను ఉర్దూ నుంచే తీసుకున్నాడు. అప్పుడే పెద్ద ప్రశ్న ముందుకొచ్చింది: 'ఫల్‌స్కత్'లో రాయాలా, 'ఛోస్‌స్కత్'లోనా? మొదటిది జనం మాట్లాడే మాట, రెండోది ధర్మగ్రంథాల మాట. జనం మాటను ఆ లిపిలో రాస్తే పవిత్రమైన భాష పాడవుతుందని పండితుల అభ్యంతరం. సరిగ్గా ఆ రోజుల్లోనే మన దగ్గర గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం వాదన మొదలుపెట్టారు. సవర పిల్లల కోసం సవరలోనే వాచకాలు రాసిన మనిషి ఆయన. మన వాదన ఒక కొలిక్కి వచ్చింది. లద్దాఖ్‌లో రాలేదు. 1990ల్లో సెక్‌మోల్ సంస్థ పత్రిక 'లదాగ్స్ మెలోంగ్' వాడుక మాటలో అచ్చయినప్పుడు కూడా అవే అభ్యంతరాలు. 2025 జాబితాల్లో భోటీ ఒకచోట, లద్దాఖీ మరోచోట ఉండటం వెనుక ఈ తెగని తగువుంది.

1948 ఆగస్టులో స్కర్దూ పాకిస్తాన్ పక్షం చేతికి పోయింది. నవంబరులో భారత సైన్యం కార్గిల్‌ను తిరిగి పట్టుకుంది. 1949లో కాల్పుల విరమణ రేఖ గీశారు. చలికాలం కచేరీ నడిచిన ఊరు పరాయి దేశపు ఏలుబడిలోకి పోయింది. 1971 డిసెంబరులో రేఖ మళ్లీ జరిగి తుర్తుక్, త్యాక్షి లాంటి బల్తీ ఊళ్లు భారత్‌వైపు వచ్చాయి. రాత్రికి రాత్రి అన్నదమ్ములు రెండు దేశాల వాళ్లయ్యారు. కార్గిల్–స్కర్దూ దారి ఇప్పటికీ మూసే ఉంది. దాహ్ వైపు ఊళ్లలో ఉండే బ్రోక్‌పాల బంధువర్గానికి చెందిన గనోఖ్ ఊరు కూడా అవతలే ఉండిపోయింది.

1957లో అమల్లోకి వచ్చిన జమ్మూకశ్మీర్ రాజ్యాంగం ప్రాంతీయ భాషల జాబితా ఇచ్చింది. అందులో లద్దాఖీ, బల్తీ, 'దర్దీ' ఉన్నాయి. పుర్గీ పేరు లేదు. ఇక దర్దీ అంటే ఏది? ద్రాస్‌లో ఎవరినడిగినా తన మాటను దర్దీ అనడు. సంస్కృత గ్రంథాల్లో 'దరదులు' అన్న పాత పేరుంది. 19వ శతాబ్దంలో లైట్నర్ అనే భాషా పండితుడు దాని మీద 'దర్దిస్తాన్' అనే ప్రాంతాన్నే నిలబెట్టాడు. భారతీయ భాషల సర్వే నడిపిన గ్రియర్సన్ ఇంకో అడుగు వేసి 1906లో ఈ భాషలకు 'పైశాచ భాషలు' అని పేరుపెట్టాడు. గుణాఢ్యుడు శాతవాహన రాజు కొలువులో శపథం ఓడి, పైశాచిలో బృహత్కథ రాశాడన్న కథ మనకు తెలిసిందే. ఆ పైశాచి ఈ కొండల మాటేనని గ్రియర్సన్ ఊహ. ఇవి ఇండో-ఆర్యన్‌కు బయట, విడిగా ఒక శాఖ అని కూడా అన్నాడు. నార్వే పండితుడు మోర్గన్‌స్టియెర్న దాన్ని తోసిపుచ్చి, ఇవి ఇండో-ఆర్యన్ భాషలేనని చూపించాడు. శాస్త్రం సర్దుకుంది గానీ, బయటివాళ్లు పెట్టిన పేరు మాత్రం రాజ్యాంగంలోకి ఎక్కింది.

2019లో ఆ రాజ్యాంగం పోయింది, దాంతో ఆ జాబితా కూడా. అక్టోబరు 31న లద్దాఖ్ విడి కేంద్రపాలిత ప్రాంతమైంది. 2022 జనవరిలో నాయబ్ తహసీల్దారు, పట్వారీ వంటి రెవెన్యూ కొలువులకు ఉర్దూ తప్పనిసరి అన్న నియమం తీసేశారు. లేహ్‌లో దాన్ని మెచ్చుకున్నవాళ్లున్నారు. కార్గిల్ నాయకులు మండిపడ్డారు. పాత భూమి పత్రాలన్నీ ఉర్దూలోనే ఉన్నాయి మరి. 2025 ఐదు పేర్లలో ఉర్దూ నిలవడం, భోటీ పక్కన పుర్గీ చేరడం ఈ రెండు జిల్లాల మధ్య కుదిరిన సర్దుబాటుగానే నాకు కనిపిస్తుంది. దాన్ని తప్పుపట్టను. కార్గిల్ ముస్లింల ఇంటి మాటకు దాని సొంత పేరుతో చట్టంలో చోటు దొరికింది, అది చిన్న విషయం కాదు.

కానీ బేరమాడే బలం లేని మాటల సంగతి? 2011 జనగణనలో లేహ్ జిల్లా జనాభా 1,33,487. 'లద్దాఖీ' మాతృభాష అని లెక్కకెక్కినవాళ్లు దేశం మొత్తంలో 15 వేల లోపే, మిగతావాళ్లలో ఎక్కువమంది 'భోటియా' అనే పెద్ద పద్దులో కలిసిపోయారు. పదివేల మందికంటే తక్కువమంది మాట్లాడే భాషల్ని జనగణన విడిగా అచ్చువేయదు. కొన్ని వేలమందే మాట్లాడే బ్రోక్‌స్కత్‌కు అందులో ఒక వరస కూడా రాలేదు.

ఆ పేరు చూడండి. 'బ్రోక్' అంటే ఎత్తు మీది పచ్చిక మేత, 'స్కత్' అంటే మాట. రెండూ టిబెటన్ పదాలే. ఈ భాషకు పేరు కూడా పక్కింటివాళ్లే పెట్టారు. తాము గిల్గిత్‌వైపు నుంచి వచ్చామని ఆ ఊళ్ల పాటలు చెబుతాయి. యాత్రికులేమో 'ఆర్యుల ఊళ్లు' చూద్దామని వెళ్లి, తలపాగా పూలకు ఫొటోలు తీసుకుని, మాటను వినకుండానే తిరిగొస్తారు. మైసూరులోని కేంద్రీయ భారతీయ భాషా సంస్థ 1982లోనే దీని వ్యాకరణం అచ్చువేసింది. నలభై ఏళ్లు గడిచాయి. దాహ్‌లో ఇంకా ఈ మాట వినిపిస్తుంది. పక్కనే హనులోని బ్రోక్‌పాలు ఏనాడో దాన్ని వదిలి లద్దాఖీలోకి మారిపోయారు.

'ప్రోత్సాహం' అంటే హనులో జరిగింది దాహ్‌లో జరగకుండా చూడటం. దానికి ముందు కావలసింది ఒకటో తరగతి వాచకం, ఆ ఊరి పంతులు, ఆయన నల్లబల్ల మీద ఏ అక్షరాలతో రాయాలో ఊరంతా కూర్చుని చేసుకునే ఒక తీర్మానం.