సముద్రం మీద సూర్యుడికి పీఠం

సంక్రాంతికి భీమిలి వెళ్లొచ్చిన ఒక పాఠకురాలు ఫోటో పంపి అడిగారు: "సూర్యుడు పైకొస్తుంటే కింద పీఠంలాంటిది అతుక్కుని ఉంది. ఇది కెమెరా తప్పా, నిజంగానే అలా ఉంటుందా?"

నిజంగానే ఉంటుందండీ! చలికాలం పొద్దున్నే మన తూర్పుతీరంలో చూడదగ్గ వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. పొద్దుటి వెలుగు నారింజ రంగులో ఎందుకుంటుందో స్కూలు పుస్తకాల్లోనే ఉంది కాబట్టి అది వదిలేసి నేరుగా పీఠం సంగతికి వస్తాను.

అది ఎండమావి. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద నీళ్లున్నట్టు కనిపిస్తుందే, అచ్చంగా అదే. 1798లో నెపోలియన్ సేనతో ఈజిప్టు వెళ్లిన గణితవేత్త గాస్పార్ మోంజ్ ఎడారిలో దీన్ని చూసి కారణం వివరించాడు. ఎండమావికి ఎండతో పనిలేదు. కింద గాలి వెచ్చగా, పైన గాలి చల్లగా ఉంటే చాలు. చలికాలంలో భీమిలి దగ్గర తెల్లవారేసరికి సరిగ్గా ఇదే పరిస్థితి. రాత్రంతా నేల చల్లబడుతుంది, నీరు అంత త్వరగా చల్లబడదు. నేల మీది చల్లగాలి మెల్లగా సముద్రం మీదికి పారుతుంది. నీటిని ఆనుకున్న పలుచని పొర మాత్రం నీటి వేడికి వెచ్చబడి పలచబడుతుంది.

కాంతి ఎప్పుడూ దట్టమైన గాలి వైపే వంగుతుంది. ఇక్కడ దట్టమైన గాలి పైనుంది కాబట్టి, నీటిని దాదాపు ఒరుసుకుంటూ వచ్చిన కిరణం నీళ్లను తాకకుండానే మళ్లీ పైకి వంగి మన కంటికి చేరుతుంది. కన్ను దాన్ని కిందనుంచి వచ్చినట్టే భావిస్తుంది. అందుకే అసలు బింబం కింద దాని తలకిందుల ప్రతిబింబం కనిపిస్తుంది.

ఎంత కొద్ది తేడా ఇంత పని చేస్తుందో లెక్క కట్టి చూడండి. గాలి కాంతిని ఎంత వంచగలదో చెప్పే సంఖ్యను వక్రీభవన గుణకం అంటారు, అది సుమారు 1.0003. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే అది మారేది పది లక్షల్లో ఒక వంతు. నీటి దగ్గరి గాలికీ, దాని పైగాలికీ మూడు డిగ్రీల తేడా ఉందనుకుందాం. అప్పుడు గుణకంలో తేడా పది లక్షల్లో మూడు వంతులు. దాన్ని రెట్టింపు చేసి వర్గమూలం తీస్తే, కిరణం నీటి మట్టంతో ఎంత కోణం లోపు వస్తే వెనుదిరుగుతుందో తెలుస్తుంది. సుమారు 0.0024 రేడియన్లు, అంటే డిగ్రీలో ఏడో వంతు. సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ! మూడంటే మూడు డిగ్రీల వెచ్చదనం, బింబంలో నాలుగో వంతు ఎత్తున కాంతిని తిప్పి పంపగలదన్నమాట. క్లాసులో వక్రీభవనం అనగానే గ్లాసులో పెన్సిల్ పెట్టి చూపిస్తారు. తీరప్రాంతపు పిల్లలకైనా దీన్ని చూపిస్తే ఆ పాఠం జన్మలో మరిచిపోరు.

ఇప్పుడు వరస గమనించండి. మొదట దిగంతానికి ఇసుమంత పైన ఎర్రటి గీత పుడుతుంది. అది రెండుగా విచ్చుకుంటుంది, పైది లేస్తుంటే కిందిది దిగుతుంది. బింబం సగానికి పైగా వచ్చాక దాని కింది భాగం వెడల్పయి, గ్రీకు అక్షరం ఒమేగా(Ω)లా కనిపిస్తుంది. ఆఖర్న మెడ సన్నబడి తెగిపోతుంది. పీఠం సముద్రంలోకి దిగిపోతుంది, సూర్యుడు విడిపడతాడు. భీమిలి అక్షాంశం సుమారు 18 డిగ్రీలు కావడంతో అక్కడ సూర్యుడు ఇంచుమించు నిటారుగా లేస్తాడు. ఇదంతా దాదాపు రెండున్నర నిమిషాల్లో ముగుస్తుంది. లండన్ చలికాలంలో ఇంతే లేవడానికి నాలుగు నిమిషాలు దాటుతుంది.

ఉదయ సూర్యుణ్ణి కన్నార్పకుండా చూస్తే చూపు పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. అది అపోహ, పైగా ప్రమాదం. రెటీనా కాలినా నొప్పి తెలియదు. ఎర్రగా, మసకగా ఉన్నప్పుడు కూడా క్షణకాలం చూసి కన్ను తిప్పుకోవాలి. బైనాక్యులర్స్ గానీ, కెమెరా వ్యూఫైండర్ గానీ వద్దేవద్దు. ఫోన్ తెర మీద చూస్తే సరిపోతుంది.

ఎండాకాలంలో తెల్లవారుజాము గాలి కూడా ఇంచుమించు సముద్రమంత వెచ్చగానే ఉంటుంది కాబట్టి పీఠం సరిగ్గా ఏర్పడదు. చలికాలంలో ఇంకో సౌకర్యం కూడా ఉంది. డిసెంబరు చివర్లో సూర్యుడు తూర్పుకు 25 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. భీమిలి తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంది కాబట్టి ఇంచుమించు ఎదురుగానే వస్తాడు. లైట్‌హౌస్ లాంటి ఎత్తులు ఎక్కకండి. కన్ను నీటి మట్టానికి ఎంత దగ్గరుంటే పీఠం అంత బాగా కనిపిస్తుంది. ఇసుక మీద కూర్చుంటే మేలు. డిసెంబరు 21న పొద్దు 6:22 ప్రాంతంలో పొడుస్తుంది. ఆ తర్వాత కూడా ఆలస్యమవుతూనే పోయి, జనవరి మూడో వారానికి 6:30 అవుతుంది. పది నిమిషాల ముందే చేరుకోండి.