క్యూసీ రాకపోతే కాలిబ్రేషన్ చేసేయడమేనా? అనలైజర్లపై అపోహలు - వాస్తవాలు

అపోహ: రక్త పరీక్షలు చేసే మెషిన్ (అనలైజర్)లో క్యూసీ, అంటే విలువ ముందే తెలిసిన కంట్రోల్ ద్రవంతో చేసే తనిఖీ, తేడా వస్తే వెంటనే కాలిబ్రేషన్ (తెలిసిన విలువతో మెషిన్ లెక్కను సరిచేయడం) చేసేయాలి.

ల్యాబుల నుంచి నాకొచ్చే ఫోన్లలో మొదటి మాట తరచూ ఇదే: "సార్, రెండుసార్లు కాలిబ్రేషన్ చేశాను, అయినా క్యూసీ రావట్లేదు." ఎంత చెప్పినా ఈ అలవాటు పోవట్లేదు. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. లోపం ఉండగా కాలిబ్రేషన్ చేస్తే ఆ లోపం కాస్తా ఫ్యాక్టర్‌లో (రీడింగ్‌ని రిజల్టుగా మార్చే గుణకంలో) కలిసిపోతుంది. క్యూసీ ఎలాగో పరిమితి లోపలికొచ్చినా, పేషెంట్ రిపోర్టులు తప్పుగా వెళ్తూనే ఉంటాయి.

వాస్తవం: దేన్నీ ముట్టుకోకముందే ఏ టెస్టులు పోయాయో, ఏవి బాగున్నాయో కాగితం మీద రాసుకోండి. ఒక్క టెస్టే పోతే దాని రియేజెంట్ (టెస్టు రసాయనం), కాలిబ్రేటర్ (కాలిబ్రేషన్‌కి వాడే ద్రవం) చూడాలి. అన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గితే ముందు కంట్రోల్ వయల్‌ని అనుమానించాలి, కంట్రోల్ పొడిని కలిపేటప్పుడు నీళ్లు ఎక్కువ పడ్డాయేమో. ఒక్కో రన్‌కి ఒక్కోలా వస్తుంటే ప్రోబ్‌లో (శాంపిల్ పీల్చే సూదిలో) క్లాట్ ఉందా, రియేజెంట్‌లో బుడగలున్నాయా, సిరంజి లీకవుతోందా అని వెతకాలి.

మొన్నామధ్య నైట్ డ్యూటీలో ఉన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఐసీయూ శాంపిల్స్ ఆగిపోయాయి, గొంతు వణుకుతోంది. "కంగారు పడకమ్మా, పోయినవి ఏవేవో చదువు" అన్నాను. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, యూరియా. గ్లూకోజ్, బిలిరుబిన్ నిక్షేపంగా ఉన్నాయి. పోయిన మూడూ వాళ్ల మెషిన్‌లో 340 నానోమీటర్ల కాంతి దగ్గర చదివేవే. హాలోజన్ ల్యాంపు పాతబడితే ముందు దెబ్బతినేది అక్కడే. నీళ్ల బ్లాంక్ (శాంపిల్ లేకుండా వట్టి నీళ్లతో రీడింగ్) చూడమంటే 340 దగ్గర మాత్రమే రీడింగ్ నిలవట్లేదు. స్పేర్ ల్యాంపు గాజుకి వేళ్లు తగలకుండా బిగించి, వేడెక్కనిచ్చి, సెల్ బ్లాంక్ (రీడింగ్ తీసే సెల్స్‌కి అలాంటి రీడింగే) తీసి, అప్పుడు కాలిబ్రేషన్. క్యూసీ వచ్చింది. చివరిసారి క్యూసీ బాగున్నప్పటి నుంచి ఆ మూడు టెస్టులకు వెళ్లిన శాంపిల్స్ కూడా మళ్లీ నడిపించాను. ఆ పిల్ల తప్పేం లేదు, ఈ వరుస ఆమెకెవరూ నేర్పలేదు.

క్యూసీ విలువ సగటు నుంచి 2 ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, మామూలుగా ఉండే హెచ్చుతగ్గుల కొలత) దాటగానే లోపలికొచ్చేదాకా మళ్లీ మళ్లీ నడపడం ఇంకో అపోహ. మెషిన్ బాగున్నా ఒక కంట్రోల్ సుమారు 20 సార్లకొకసారి 2 దాటుతుంది, అది హెచ్చరికే. 3 దాటినా, వరుసగా రెండుసార్లు ఒకే వైపు 2 దాటినా ఆపి కారణం వెతకాల్సిందే.

పొటాషియం 8 వచ్చిందంటే ఐఎస్ఈ (పొటాషియం కొలిచే ఎలక్ట్రోడ్) పోయినట్టు కాదు. క్యూసీ బాగుంటే ట్యూబు చూడండి. సీరం ఎర్రగా ఉందా? ఉంటే రక్తకణాలు పగిలి వాటిలోని పొటాషియం బయటికొచ్చినట్టు. కాల్షియం, ఏఎల్‌పీ (ఒక ఎంజైమ్ టెస్టు) కూడా పడిపోయాయా? పడిపోతే ఈడీటీఏ (వేరే ట్యూబుల్లో రక్తం గడ్డకట్టకుండా వేసే పొటాషియం ఉప్పు) కలిసి ఉంటుంది. వార్డుకి చెప్పి వెంటనే కొత్త శాంపిల్ తెప్పించండి.

ఇక ల్యాంపు, రియేజెంట్, ట్యూబింగ్ అన్నీ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు. ఒకటి మార్చి, క్యూసీ నడిపి, లాగ్‌బుక్‌లో రాశాకే రెండోదాని జోలికి వెళ్లండి.